ధనబలము - క్రీడాధర్మము

కర్నూలు, కడప జిల్లాలలో తిరునాళ్ళ సమయమున బండలాగు పందెములు జరుగుట మీలో పలువురు చూచియుందురు. పెద్ద రాతిబండకు గొలుసు తగిలించి, కాడికి ఒక జత ఎద్దులను పూన్చి, నియమిత కాలములో ఏ జత ఎక్కువ దూరము లాగునో ఆ జతకు బహుమతి నిత్తురు. ఈ పందెములలో ఒక చక్కని ఏర్పాటు కలదు. అన్ని ఎద్దులను ఒకే పోటీలో దింపరు. వాని పండ్లను పరీక్షించి పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి అని వయస్సునుబట్టి విభజింతురు. లేత గిత్తను ముదురు ఎద్దుతో పోటీకి నిలుపుట న్యాయము కాదని పెద్దలు ఏనాడో గ్రహించిరి.

కాని ఈ ఏర్పాటు పండ్ల తేడాను సరిచేయునే గాని యజమానుల సంచుల తేడాను సరిచేయదు. మేలైన జతను లక్షలు పోసి కొని తెచ్చిన ఆసామియు, తన కొట్టములో పుట్టిన కోడెలను చొప్ప వేసి పెంచుకొన్న చిన్న రైతును ఒకే బండ ముందు నిలుచుందురు. ఒకే ఆసామి ఏటేట గెలుచుచున్నచో, బండ కదలకముందే జనులు "ఈ తడవ కూడ ఆయనదే" అని చెప్పుకొందురు. ఫలితము ముందే తెలిసిన పందెమును చూచుటకు ఎండలో ఎవరు నిలుచుందురు?

మనుష్యులు ఆడు ఆటలలోను ఈ చిక్కే కలదు. అచ్చట దానికి తోడు మరియొక చిక్కు చేరును. ఎద్దును అడిగి ఎవరును అమ్మరు. ఆటగాడో, మనుష్యుడు. తాను ఎవరి పక్షమున ఆడవలెనో, తన శ్రమకు ఎంత ప్రతిఫలము పుచ్చుకొనవలెనో నిర్ణయించుకొను హక్కు అతనికి ఉండవలదా? ఉండవలెనన్నచో అతడు ఎక్కువ ధనమిచ్చువారి యొద్దకే పోవచ్చును. అప్పుడు ధనికుల జట్టే ఎల్లప్పుడును గెలువదా? జట్ల నడుమ న్యాయము ఒకటి, ఆటగానికి న్యాయము ఒకటి. ఈ రెండింటిని ఒకే చేత పట్టుట ఎంత కష్టమో కొన్ని నిజమైన ఉదాహరణముల మూలమున తెలిసికొందము.

మొదట మన తెలుగు నేలపై జరిగినదానిని చూతము. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి నగరపు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు. (ఈ సంగతి చెప్పునప్పుడు నావంటి పంతుళ్ళకు కొంచెము గర్వము కలుగుట సహజమే.) ఆయన శిక్షణలోనే భారతదేశపు జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు సాధించెను, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్లలో హైదరాబాదు యువకులు పలువురు ఉండిరి.

వారిలో ఒకడు తులసీదాస్ బలరాం. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టినవాడు. మెల్బోర్న్ క్రీడలలో ఆడి వచ్చిన మరుసటి యేడు, 1957లో, అతడు హైదరాబాదు విడిచి కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరెను. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అను ఇద్దరు హైదరాబాదు యువకులును ఆ జట్టునకే పోయిరి. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అను మూడు పెద్ద సంఘములు ఉండెను. వానికి వేలకొలది సభ్యులు, వారి చందాలు, మైదానము నిండిన ప్రేక్షకులు కలరు. హైదరాబాదు జట్టునకు ఉన్నది పోలీసు శాఖ నౌకరి ఒక్కటే. త్రాసులో ఒక తట్ట ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

బలరాం చేసినది తప్పు అని వాదించువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉందురు. నేను వారితో ఏకీభవింపను. అతడు 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో హంగేరీపైనను, పెరూపైనను గోలులు చేసిన మేటి. అట్టివాడు ముప్పది యేండ్లైనను నిండకముందే, 1963లో, అనారోగ్యముచే ఆట మానవలసివచ్చెను. రైతు అరువది యేండ్లు దున్నగలడు. బడిపంతులు అంతవరకు పాఠము చెప్పగలడు. ఆటగాని సంపాదనకాలము పదేండ్లకు మించుట అరుదు. ఆ కొద్దికాలములో తన విద్యకు తగిన వెల ఇచ్చుచోటికి పోవుట ద్రోహమెట్లగును?

అయినను నష్టము నష్టమే. దేశములోని రాష్ట్రముల జట్లు పోటీపడు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను గెలిచెను. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో గెలిచెను. ఆ తరువాత ఆ కప్పు తెలుగు నేలకు రాలేదు. రహీం 1963లో మరణించుట మొదలైన ఇతర కారణములును దీనికి కలవు. కాని పండిన పంట పండినట్లే వేరొక సంతకు తరలిపోవుచుండగా పొలమునకు ఎరువు ఎవరు వేయుదురు? హైదరాబాదు మైదానములలో పెరిగి కలకత్తాలో పేరుపొందినవారిని తయారుచేసినందులకు హైదరాబాదునకు తగిన ప్రతిఫలము ముట్టు ఏర్పాటు ఆ కాలమున లేకుండెను. నా దృష్టిలో తప్పు పోయిన ఆటగానియందు లేదు. లోపము ఈ ఏర్పాటు లేమిలో ఉన్నది.

అట్లయిన, ఆటగాని కాలికి త్రాడు కట్టి ఉన్నచోటనే ఉంచినచో జట్ల నడుమ న్యాయము నిలుచునా? ఈ ప్రయోగమును అమెరికావారు దాదాపు నూరేండ్లు చేసి చూచిరి. అచ్చట బేస్‌బాల్ అను ఆటకు మనదేశములో క్రికెట్టునకున్నంతటి ఆదరణ కలదు. అదియు బంతిని కఱ్ఱతో కొట్టి పరుగులు తీయు ఆటయే. 1879లో అచ్చటి జట్ల యజమానులు ఒక నియమము చేసికొనిరి. ప్రతి జట్టు కొందరు ఆటగాండ్రను తనకు ప్రత్యేకించుకొనవచ్చును. ఒప్పందపు గడువు తీరినను వారిని మరియొక జట్టు పిలువరాదు. మొదట జట్టునకు అయిదుగురికే వర్తించిన ఈ కట్టుబాటు క్రమముగా అందరికిని చుట్టుకొనెను. యజమాని అమ్మినచో పోవలెను, ఉంచినచో ఉండవలెను, ఇచ్చినంత పుచ్చుకొనవలెను. ఎందుకిట్లు అని అడిగినవారికి యజమానులు చెప్పిన సమాధానము వినుటకు ఇంపుగనే ఉండెను: "ఆటగాండ్రను స్వేచ్ఛగా విడిచినచో మేటివారందరును న్యూయార్కు వంటి మహానగరములకే పోవుదురు, చిన్న ఊళ్ళ జట్లు నశించును. మేము న్యాయము కొరకే వారిని కట్టివేయుచున్నాము."

ఫలితమేమైనది? ఆ కట్టుబాటు అమలులో ఉన్న కాలముననే న్యూయార్కు యాంకీస్ జట్టు 1949 నుండి 1953 వరకు వరుసగా అయిదేండ్లు విజేతగా నిలిచెను. 1947 నుండి 1964 వరకు గల 18 ఏండ్లలో 15 పర్యాయములు తుదిపోటీకి చేరిన జట్టు అదియే. చిన్న ఊళ్ళను కాపాడుటకు చేసిన నియమము ఇట్లు బెడిసికొట్టుటకు కారణము తేలికగనే బోధపడును. ఆటగాడు తనంతట తాను పోరాదు. కాని యజమాని అతనిని అమ్ముకొనవచ్చును. బాస్టన్ జట్టు యజమాని 1919 డిసెంబరులో బేబ్ రూత్ అను మహా ఆటగానిని లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మివేసెను. మేటి ఆటగాడు ధనిక నగరమునకు చేరుట ఆగలేదు. ఆ ధనము అతనిని అమ్మినవాని పెట్టెలో పడెను. నియమము చేసిన పని ఇంతమాత్రమే!

ఈ కట్టును త్రెంచుటకు పూనుకొన్నవాడు కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి ఆటగాడు. సెయింట్ లూయీ జట్టునకు 12 ఏండ్లు ఆడిన అతనిని 1969లో ఫిలడెల్ఫియా జట్టునకు మార్చివేసిరి. అతనిని ఒక్కమాటయైనను అడుగలేదు. తాను కొనుటకును అమ్ముటకును ఏర్పడిన వస్తువును కానని అతడు ఆట పెత్తందారునకు జాబు వ్రాసి, న్యాయస్థానమునకు ఎక్కెను. మంచి జీతము వచ్చుచున్న ఆటగానికి ఇంత పంతమెందుకని పత్రికలలో కొందరు పరిహసించిరి. జీతము పెద్దదైనంత మాత్రమున అమ్మకము న్యాయమగునా? 1972లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 సంఖ్యతో అతనికి వ్యతిరేకముగ తీర్పు చెప్పెను. ఫ్లడ్ ఆటజీవితము ఆ పోరాటములోనే ముగిసిపోయెను. నాలుగేండ్లు తిరుగకముందే, 1975 డిసెంబరులో, పీటర్ సైట్జ్ అను మధ్యవర్తి ఆండీ మెసర్స్‌మిత్, డేవ్ మెక్‌నల్లీ అను మరి ఇద్దరు ఆటగాండ్ర విషయమున వేరు తీర్పు నిచ్చెను. గడువు తీరిన ఆటగాడు స్వతంత్రుడని ఆ తీర్పు సారము. ఫ్లడ్ నాటిన చెట్టు పండును ఇతరులు తినిరి.

యజమానులు భయపెట్టినట్లు చిన్న ఊళ్ళ జట్లు నశించెనా? యాంకీస్ వారు వెంటనే పెద్ద మొత్తములిచ్చి రెజ్జీ జాక్సన్ వంటివారిని చేర్చుకొని 1977లోను, 1978లోను గెలిచిన మాట నిజమే. కాని 1978 నుండి 1987 వరకు గల పదేండ్లను లెక్కించి చూడుడు: పది వేర్వేరు జట్లు విజేతలైనవి! కట్టివేసిన కాలముకంటె విడిచిన కాలముననే కప్పు ఎక్కువ ఊళ్ళు తిరిగెను.

కథ ఇంతటితో సుఖముగ ముగిసినచో ఈ పాఠము వ్రాయవలసిన అవసరమే లేదు. బేస్‌బాల్ జట్లలో ఎవరి ఊరి టెలివిజన్ ఆదాయము పెద్ద పాలు వారికే చెందును. కావున కాలక్రమమున మహానగరపు జట్టునకును చిన్న నగరపు జట్టునకును నడుమ అగడ్త వెడలుపయ్యెను. అచ్చట జట్టు జీతముల మొత్తమునకు దాటరాని గట్టు లేదు. ఒక హద్దు దాటినవారు పన్ను చెల్లింపవలెనను నియమము 1997లో వచ్చినది. ధనవంతునకు పన్ను ఒక లెక్కయా? లాస్ ఏంజిలిస్ నగరపు డాడ్జర్స్ జట్టు 2023 డిసెంబరులో షోహే ఓటాని అను జపాను ఆటగానితో పదేండ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనెను. 2024లోను, 2025లోను ఆ జట్టే విజేత. ఇతర నగరముల ప్రేక్షకులు ఇది ఆట కాదు, వేలంపాట అని మొరపెట్టిరి. వారి మొరలో కొంత సత్యము లేకపోలేదు.

వేలంపాట అనగనే మీకు మన ఐ.పి.ఎల్. క్రికెట్టు జ్ఞప్తికి వచ్చియుండును. విచిత్రమేమనగా, పేరునకు వేలమే యైనను న్యాయము విషయమున ఇది బేస్‌బాల్ పద్ధతికంటె ఒక మెట్టు ముందున్నది. దీనిలో ప్రతి జట్టు ఆటగాండ్రపై వెచ్చింపదగిన మొత్తమునకు ఒకటే హద్దు. యజమాని ఎంతటి కోటీశ్వరుడైనను ఆ సంచిని మించి ఒక్క రూపాయి వెచ్చింపరాదు. ప్రసారముల వలన వచ్చు ధనములో ఒక భాగమును క్రికెట్ బోర్డు అన్ని జట్లకు పంచిపెట్టును. ఇచ్చట ఆటగానికి బదులు సంచికి త్రాడు కట్టిరన్నమాట.

2008 ఫిబ్రవరిలో జరిగిన మొదటి వేలములో జట్టునకు 50 లక్షల డాలర్లు హద్దు. మన హైదరాబాదు జట్టు పేరు అప్పుడు డెక్కన్ చార్జర్స్. ఆ వేలమునకు ముందు ఒక ముచ్చట జరిగినది. కొన్ని జట్లు తమ ఊరి మేటి ఆటగానిని వేలము లేకుండ ప్రత్యేక గౌరవముతో ఉంచుకొనవచ్చును. అయితే ఆ జట్టులో అత్యధిక వెల పొందిన ఆటగానికంటె అతనికి నూటికి 15 వంతులు హెచ్చుగ ఇవ్వవలెను. హైదరాబాదునకు ఆ గౌరవము పొందదగినవాడు వి.వి.ఎస్. లక్ష్మణ్. ఆయన దానిని వలదనెను. ఆ ధనముతో జట్టు మంచి ఆటగాండ్రను కొనవచ్చునని ఆయన తలంపు. పిదప జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు పాడుకొనెను. లక్ష్మణ్ ఆ గౌరవమును స్వీకరించియుండినచో ఎంత ఇవ్వవలసియుండెనో మీరే లెక్కకట్టుడు: 15 లక్షల 52 వేల 500 డాలర్లు. ఇద్దరికే సంచిలో సగమునకు పైగా చెల్లిపోయెడిది. హద్దు ఉన్నచోట ఒకని త్యాగమునకు ఎంత విలువ ఉండునో చూచితిరా? హద్దు లేనిచోట అట్టి త్యాగము ఎవరికిని అక్కరకు రాదు.

ఇంత చేసియు ఆ యేడు హైదరాబాదు జట్టు 14 ఆటలలో రెండే గెలిచి అన్నిటికన్న అడుగున నిలిచెను. కప్పు గెలిచినది రాజస్థాన్ జట్టు. ఎనిమిది జట్లలోను అతి తక్కువ వెలకు, 6 కోట్ల 70 లక్షల డాలర్లకు, యజమానులు పొందిన జట్టు అదియే. హైదరాబాదు జట్టు హక్కులకు 10 కోట్ల 70 లక్షలు పలికెను. మరుసటి యేడు మన జట్టు ఇంచుమించు ఆ ముఖ్యులతోనే, ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వమున దక్షిణాఫ్రికాలో ఆడి, 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగుళూరు జట్టును 6 పరుగులతో ఓడించి విజేత అయ్యెను. అడుగున పడినవాడు ఒక్క యేడాదిలో శిఖరము ఎక్కుట సాధ్యమైనచో చూచువానికి ఆశ మిగిలియుండును. ఆటకు ప్రాణము ఆ ఆశయే.

ధనము కుమ్మరించినంత మాత్రమున గెలుపు వచ్చునన్న నమ్మకమును కూడ ఈ వేలములు పలుమార్లు వమ్ము చేసినవి. 2024 నవంబరు వేలమునకు జట్టు సంచి 120 కోట్ల రూపాయలు. లక్నో జట్టు అందులో 27 కోట్లు రిషబ్ పంత్ ఒక్కనికే వెచ్చించెను. మిగిలినవారందరికిని 93 కోట్లే. 2025లో ఆ జట్టు ఏడవ స్థానమున నిలిచెను. అట్లని ఇదియే సూత్రమనుకొనరాదు. మిచెల్ స్టార్క్‌కు 24 కోట్ల 75 లక్షలిచ్చిన కలకత్తా జట్టు 2024లో తుదిపోటీలో మన హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టునే ఓడించి కప్పు గెలిచెను.

సంచులు సమానమైనంతనే అంతయు సమానమగునని కూడ భ్రమపడరాదు. 2008 నుండి 2025 వరకు జరిగిన 18 పోటీలలో ముంబయి, చెన్నై జట్లు చెరి అయిదు గెలిచినవి. ఆటగాండ్ర జీతములకే హద్దు కలదు. ఊరూర తిరిగి బాలురను వెదకువారికి, శిక్షకులకు, వైద్యులకు చేయు వ్యయమునకు ఆ సంచితో సంబంధము లేదు. కొందరు యజమానులకు ఇతర దేశములలోను జట్లు కలవు. సన్‌రైజర్స్ యజమానుల దక్షిణాఫ్రికా జట్టు 2023లోను, 2024లోను అచ్చటి పోటీలో విజేత. ఒకచోట గండి పూడ్చినచో నీరు మరియొకచోట దారి వెదకుకొనును గదా.

ఇక ఆటగాని సంగతి. సంచికి కట్టిన త్రాడు కొస అతని కాలికి కూడ తగులుచున్నది. జట్టు వెచ్చింపదగిన మొత్తమునకు హద్దు ఉన్నచో జీతములకును హద్దు ఉన్నట్లే. మిగిలిన లాభము యజమానికి చేరును. గడువు తీరిన బేస్‌బాల్ ఆటగాడు తనకు నచ్చిన నగరమును ఎన్నుకొనును. మన వేలములో ఆటగాడు తన కనీసపు వెలను తెలుపవచ్చునే గాని తనను పాడుకొన్న ఊరిని కాదనుట సులభము కాదు. పాట పాడువారు బల్లల చుట్టు కూర్చుండి, సుత్తె దెబ్బతో మనుష్యుని వెల తేల్చుట చూచినపుడు నాకు ఎద్దుల సంతయే తలపునకు వచ్చును. పద్ధతి ఎట్లున్నను ఆ మాటనైనను మార్చినచో బాగుండునని నా అభిప్రాయము.

మహమ్మద్ సిరాజ్ హైదరాబాదులో ఆటో నడుపుకొని బ్రతికిన తండ్రికి పుట్టినవాడు. 2017 వేలములో 20 లక్షల కనీసపు వెలతో నిలిచిన అతనిని సన్‌రైజర్స్ జట్టు 2 కోట్ల 60 లక్షలకు పాడుకొనెను. ఆ ఇంటి దారిద్ర్యము ఒక్కదినమున తీరిపోయెను. దీనిని చూచిన పిదప వేలమును ఎట్లు నిందింపగలము? కాని మరుసటి యేడే బెంగుళూరు జట్టు అతనిని పాడుకొనెను. అచ్చట ఏడేండ్లు ఆడిన తరువాత 2024 నవంబరులో గుజరాత్ జట్టు 12 కోట్ల 25 లక్షలకు దక్కించుకొనెను. ఎక్కడ ఆడుదువని అతనిని ఎవరును అడుగలేదు.

2025 ఏప్రిల్ 6న గుజరాత్ జట్టు ఉప్పల్ మైదానమున సన్‌రైజర్స్‌ను ఎదుర్కొనెను. ఆ సాయంకాలము సిరాజ్ 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు పడగొట్టెను, ఐ.పి.ఎల్.లో అతని నూరవ వికెట్టును ఆ ఆటలోనే దక్కెను. గుజరాత్ ఏడు వికెట్ల తేడాతో గెలిచెను. ఓడినది హైదరాబాదు జట్టు. ఓడించినవాడు హైదరాబాదు వాడు.